కాలేజీ వెబ్‌సైట్‌లో నోటీసును స్కాన్ చేసి పెడితే సరిపోతుందా?

సరిపోదు, విషయం పేజీలో అక్షరాలుగా ఉండాలి, సంతకం, ముద్ర ఉన్న స్కాన్ ప్రతిని కావాలంటే జత చేయవచ్చు. స్కాన్ అంటే కాగితానికి తీసిన ఫోటో. మనకు అక్షరాలుగా కనిపించేవి కంప్యూటర్‌కు వట్టి రంగు చుక్కలు. అందుకే చూపులేని విద్యార్థి వాడే స్క్రీన్ రీడర్ (తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) సాధారణంగా దాన్ని చదవలేదు. వెబ్‌సైట్లు వికలాంగులకూ అందుబాటులో ఉండేందుకు పెట్టిన అంతర్జాతీయ ప్రమాణం డబ్ల్యూసీఏజీ 2.1 కూడా ఏఏ అనే మధ్య స్థాయిలో, లోగోల వంటివి తప్ప, అక్షరాలను బొమ్మలుగా పెట్టవద్దంటుంది.

పరీక్ష ఫీజు గడువు నోటీసునే తీసుకోండి. బొమ్మగా పెడితే సైట్‌లో ‘ఫీజు’ అని వెతికినా దొరకదు. ఫోనులో పెద్దది చేస్తే అసలు తేదీ తెర బయటికి పోతుంది.

పీడీఎఫ్ చేస్తే చాలనుకోవడం మామూలు పొరపాటు. స్కాన్‌ను పీడీఎఫ్‌లో పెట్టినా అది బొమ్మే. టైపు చేసినదైనా తెలుగులో మరో చిక్కుంది: ‘అను’ వంటి పాత ఫాంట్లలో చేసినది చూడటానికి ముచ్చటగా ఉంటుంది, ఒక వాక్యం కాపీ చేస్తే మాత్రం అర్థంలేని గుర్తులు వస్తాయి. అన్ని కంప్యూటర్లూ గుర్తించే అక్షర పద్ధతి యూనికోడ్‌లో, నేరుగా పేజీలోనే టైపు చేస్తే ఈ బెడద ఉండదు.