మామిడికాయలు ఏరిన చేత్తో షుగర్ చూసుకుంటే...

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ఉలవపాడు దగ్గర పల్లె. మా నాయనకి 63 ఏళ్ళు, షుగర్‌కి బిళ్ళలు వాడతాడు. పోయిన నెల పరగడుపున ఇంట్లో మిషన్‌లో 186 వచ్చింది, అదే పూట కావలి ల్యాబ్‌లో 168 అన్నారు. ఇంకోరోజు తోటలో కాయలు ఏరి వచ్చి చూసుకుంటే 286, భయపడి ఇంకో బిళ్ళ వేసుకున్నాడు, సాయంత్రానికి చెమటలు పట్టి ఒకటే వణుకు. ఈ మిషన్‌ని నమ్మొచ్చా, పారేద్దామా?

జవాబు: తల్లీ, ముందు ఆ బిళ్ళ సంగతి చెప్తాను, నాకు అదే గుబులుగా ఉంది. ఆ చెమటలు, వణుకు షుగర్ పడిపోతే వచ్చేవే. మళ్ళీ అట్లా అయితే 70 లోపు ఉందేమో చూడండి, చూసే వీలు లేకపోయినా ఆగొద్దు, మూడు టీస్పూన్ల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి 15 నిమిషాలాగి మళ్ళీ చూడండి. గ్లిమిపిరైడ్ లాంటి బిళ్ళైతే కొన్ని గంటల తర్వాత కూడా మళ్ళీ పడొచ్చు, మనిషిని కనిపెట్టుకుని ఉండండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పొయ్యొద్దు, 108కి ఫోన్ చెయ్యండి. ఒక్క రీడింగ్ చూసి బిళ్ళ పెంచడం ఎప్పుడూ వద్దమ్మా.

ఇక 286 అంటారా, అది మీ నాయన రక్తంలోది కాకపోవచ్చు, వేలికంటిన మామిడిపండు రసంలోది అయ్యుండొచ్చు. మిషన్‌కి కావాల్సింది చిన్న రక్తం చుక్క, అందులో కాస్త పండు తీపి కలిసినా అంకె ఎక్కడికో పోతుంది. సబ్బుతో చేతులు కడిగి, బాగా తుడుచుకుని, వేలి పక్కన గుచ్చాలి, గట్టిగా పిండకూడదు. అనుమానంగా ఉంటే కడిగి ఇంకోసారి చూడాలి, అంతే.

186కీ 168కీ తేడా మాత్రం మిషన్ తప్పు కాదు. ఇలాంటి మిషన్లకి ఐఎస్ఓ 15197 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది, 2013లో సవరించిన దాని ప్రకారం ల్యాబ్ లెక్క 100, ఆపైన ఉంటే 15 శాతం, 100 లోపైతే 15 పాయింట్లు అటూఇటూ ఉండొచ్చు, అదీ వందలో 95 సార్లు ఉంటే చాలు. 168కి అంటే 143 నుంచి 193 దాకా సరే. ల్యాబ్‌ రిపోర్టు కూడా దేవుడి మాట కాదు, పల్లెలో రక్తం తీసి మామూలు ట్యూబ్‌లో పోసి బండి మీద పట్టుకుపోతే దారిలో ఆ రక్తకణాలే చక్కెర తినేస్తాయి, గంటకి 5 నుంచి 7 శాతం దాకా తగ్గిపోద్ది. అందుకే ఫ్లోరైడ్ వేసిన బూడిద రంగు మూత ట్యూబ్ వాడతారు, వాడుతున్నారా అని అడగండి.

మిషన్‌లో పెట్టే స్ట్రిప్‌ల డబ్బా మూత వెంటనే గట్టిగా పెట్టండి, మన ఎండాకాలంలో రేకుల ఇంట్లో, బండి డిక్కీలో పెట్టొద్దు, చాలా డబ్బాల మీద 30 డిగ్రీలు దాటకూడదనే ఉంటుంది. రక్తం బాగా తక్కువున్నవాళ్ళకి మిషన్ ఎక్కువ చూపిస్తుంది, నాయనకి హిమోగ్లోబిన్ కూడా చూపించండి.

ఈసారి ల్యాబ్‌కి పరగడుపునే పోండి, తిన్నాక వేలి రక్తంలో షుగర్ నరం రక్తంలో కన్నా ఎక్కువుంటుంది కాబట్టి పోల్చడానికి పనికిరాదు. మిషన్ తీసుకెళ్ళి, వాళ్ళు రక్తం తీసిన అయిదు నిమిషాల్లోపే అక్కడే వేలు గుచ్చి చూసి రాసుకోండి. తేడా 15 శాతం లోపు ఉంటే అదే వాడుకోండి, రెండు మూడుసార్లు చూసినా దాటుతుంటే కొత్త స్ట్రిప్ డబ్బాతో చూడండి, అప్పటికీ అంతేనంటే మిషన్ మార్చండి.