వేరేవాళ్ళ ఆట కోసం ఊరు రాసే చెల్లికి

చెల్లీ,

రోల్ ప్లేయింగ్ ఆట ఆడేవాళ్ళ కోసం నువ్వు రాసి పంపిన రేవు పట్నం మొత్తం చదివాను. వాక్యం మీద నీకు మంచి పట్టుంది. పాత దీపస్తంభం గురించి రాసిన పేరా చదివి చాలా సంతోషపడ్డాను. కానీ "పట్నం చరిత్ర ఇంకాస్త పెంచనా అక్కా?" అని అడిగావు చూడు, దానికి మాత్రం వద్దనే చెప్తాను. ఉన్నదాంట్లోనే సగం తీసెయ్. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు ఈ పేజీ ఎవరి చేతిలో పడుతుందో ఆలోచించు. కథల పుస్తకమైతే తీరిగ్గా కూర్చుని చదువుతారు. నీ పేజీ తెరిచేది గేమ్ మాస్టర్, అంటే ప్లేయర్లు తలా ఒక పాత్ర అయి ఆడుతుంటే వాళ్ళ చుట్టూ కథ నడిపించే మనిషి. సెలవు రోజు సాయంత్రం, బల్ల చుట్టూ నలుగురైదుగురు ప్లేయర్లు, మధ్యలో డైస్, కాగితాలు, టీ కప్పులు. అతను వారమంతా కూర్చుని అడవిలో గుహ సిద్ధం చేసుకుని ఉంటాడు. వీళ్ళేమో "గుహ సంగతి రేపు చూద్దాం, ముందు రేవుకెళ్ళి ఈ కత్తి అమ్మేద్దాం" అంటారు. ఇలా జరగని క్యాంపెయిన్, అంటే వారాల తరబడి సాగే ఆట, నేను చూడలేదు. అప్పుడతనికి ఒక రేవు కావాలి, కత్తి కొనేవాడొకడు కావాలి, వాడికో పేరు కావాలి. అందరూ తన మొహం వంకే చూస్తుంటారు కాబట్టి అర నిమిషంలో కావాలి. ఆ టెన్షన్‌లో ఉన్న మనిషికి పట్నాన్ని ఏ వంశం ఎన్ని తరాలు ఏలిందో చెప్తే ఏం చేసుకుంటాడు?

ఈ అవసరం దాదాపు ఆటంత పాతది. ఇలాంటి ఆటల్లో మొదటిదైన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వచ్చింది. రెండేళ్ళకే, 1976లో, జడ్జెస్ గిల్డ్ అనే చిన్న సంస్థ ఒక నగరం మొత్తాన్ని వీధులు, దుకాణాలతో సహా అచ్చేసి అమ్మింది. 1982లో ఫ్లయింగ్ బఫెలో అనే ప్రచురణ సంస్థ సిటీబుక్ అనే పుస్తకం తెచ్చింది. నువ్వు రాస్తున్న తరహా రచనకి నా దృష్టిలో ఇప్పటికీ పెద్దబాలశిక్ష అదే. ఏ నగరంలోనైనా తీసుకెళ్ళి పెట్టుకోగల దుకాణాలు, వ్యాపారాలు అందులో ఉంటాయి. ఒక్కో చోటుకీ నేల ప్లాను, అక్కడి మనుషులు, ఆ చోటు చుట్టూ అల్లుకోవడానికి కొన్ని కథల సూచనలు. ఏ ఒక్క ఆట రూల్స్‌కీ కట్టుబడకుండా రాశారు, అందుకే ఎవరు ఏ ఆట ఆడుతున్నా వాడుకోవచ్చు.

ఇంకా పాతకాలపు మాడ్యూల్ (ఆడించడానికి సిద్ధంగా రాసిన సాహసం) ఒకటుంది, మైక్ కార్ రాసిన ఇన్ సెర్చ్ ఆఫ్ ది అన్‌నోన్. కొత్త గేమ్ మాస్టర్లకి పని నేర్పడానికి రాసింది. గదులన్నీ వర్ణించి, రాక్షసుల జాబితా, నిధుల జాబితా విడిగా ఇచ్చి, ఏ గదిలో ఏది ఉండాలో నువ్వే రాసుకో అని కార్ ఖాళీలు వదిలాడు. ఆ ఖాళీలు చూస్తే నాకు ఎంతో గౌరవం కలుగుతుంది. ఎక్కడ ఆగాలో తెలిసిన మనిషి రాసిన పుస్తకం అది.

అలాగని అన్నిచోట్లా ఖాళీలే వదిలితే అది బద్ధకం అవుతుంది. ఏది నింపాలి, ఏది వదలాలి అన్నదే మన పనిలో అసలు కష్టం. దీనికి డంజన్స్ అండ్ డ్రాగన్స్ సృష్టికర్తల్లో ఒకడైన గ్యారీ గైగాక్స్ రాసిన మాడ్యూల్ ది కీప్ ఆన్ ది బోర్డర్‌ల్యాండ్స్ దగ్గర పెట్టుకుని చూడు. సరిహద్దులో ఒక కోట, దానికి కొంత దూరంలో రకరకాల తెగలు పక్కపక్కనే కాపురముండే గుహలు. కోటలో మనుషులకి పేర్లు కూడా లేవు. కమ్మరి, అధికారి, పూజారి, అంతే. అయినా ఒకచోట ఏం చేశాడో చూడు. గోబ్లిన్లనే మరుగుజ్జు రాక్షసుల గుహకి ఆనుకుని ఒక ఓగర్ ఉంటాడు, భారీ రాక్షసుడు. గోబ్లిన్లకి ఆపద వస్తే కేక పెట్టి, 250 బంగారు నాణేల సంచిని రహస్య ద్వారంలోంచి అతని గుహలోకి విసురుతారు. డబ్బందగానే అతను వీళ్ళ తరఫున పోరాడ్డానికి వచ్చేస్తాడు. ఆ గుహ ఎంత పాతదో మనకి తెలియదు, అక్కర్లేదు కూడా. ఆ ఒక్క సంచితో ఎన్ని తెలిశాయో చూడు: గోబ్లిన్లు పిరికివాళ్ళు, డబ్బున్నవాళ్ళు, ఓగర్‌కి పక్షమంటూ లేదు, ధర ఉంది. ఇక ప్లేయర్ల బుర్రలు పనిచెయ్యడం మొదలుపెడతాయి. మనం 300 ఇస్తే? కేక మనమే పెడితే? సంచి మధ్యలోనే పట్టేస్తే?

నువ్వు నింపాల్సింది ఇలాంటి సంచులే. ఎవరికి ఏం కావాలి, దానికోసం ఎవరి మీద ఆధారపడ్డారు, ఎవరికి భయపడుతున్నారు. ఇవి రాస్తే ఆ చోటు తనంతట తాను నడుస్తుంది. ప్లేయర్లు ఏం చేస్తారో నువ్వు రాయకూడదు, రాసినా వాళ్ళు అది చెయ్యరు. నీ రెండో అధ్యాయంలో "అప్పుడు వీరులు కోపంతో రేవు అధికారి మీద తిరగబడతారు" అని రాశావు. కొట్టెయ్. వాళ్ళు ఆ అధికారి దగ్గరే ఉద్యోగంలో చేరొచ్చు.

ఇప్పుడు నీ పట్నంలోంచే ఒక చోటు తీసుకుందాం, కాటా ఇల్లు. రేవులో దిగిన సరుకంతా పన్ను కోసం తూచే చోటు. ఊహ చాలా బాగుంది. కానీ దాని మీద నువ్వు రాసిందంతా ఏ రాజు కట్టించాడు, కమానులు ఎన్ని, పన్ను ఎప్పుడెప్పుడు పెరిగింది అన్నదే. దాన్నే నేనైతే ఇలా రాస్తాను:

"కాటా ఇల్లు. లోపలికి రాగానే ఉప్పు వాసన, తడిసిన గోనెసంచులు, దూలానికి వేలాడే మనిషెత్తు త్రాసు. తూకం జరుగుతున్నంతసేపు ఎవరూ మాట్లాడరు. పెద్ద తూకందారు ముసలాయన, ప్రతి మాటకీ ముందు గొంతు సవరించుకుంటాడు. రాజముద్ర ఉన్న అసలు తూకం రాయి నిన్న రాత్రి పోయింది, ఎవరికీ తెలియకముందే అది దొరకాలి. రాయి తీసింది త్రాసు తుడిచే కుర్రాడు. ఉప్పు వర్తకురాలికిస్తే అక్క అప్పు మాఫీ అవుతుందని తీశాడు, ఇప్పుడు వణికిపోతున్నాడు. వర్తకురాలు ఆ రాయి చూపించి రేవులో వాడే తూకాలన్నీ దొంగవని రుజువు చెయ్యాలనుకుంటోంది. అవి నిజంగానే దొంగవి. మూడో రోజు పొద్దున రాజోద్యోగి తనిఖీకి వస్తాడు."

మన ప్లేయర్లు కత్తి అమ్మడానికి వచ్చారు కదా. రేవులో ఇనుము అమ్మాలంటే ముందు తూయించాలి. త్రాసు దగ్గర ముసలాయన చేతులు వణుకుతుంటాయి. వాళ్ళు అడిగితే కథ మొదలవుతుంది. అడక్కుండా డబ్బు తీసుకుని వెళ్ళిపోయినా ఫర్వాలేదు, మూడో రోజున ఏదో ఒకటి జరిగే తీరుతుంది, తర్వాతి సెషన్‌లో ఊరంతా దాని గురించే మాట్లాడుకుంటారు. ఇందులో విలన్ అని నేనెవరి మీదా రాయలేదు. ఎవరి పక్షాన నిలబడాలో ఆడేవాళ్ళు తేల్చుకుంటారు, బల్ల దగ్గర మంచి వాదన అక్కడే పుడుతుంది. గడువు మాత్రం తప్పకుండా పెట్టు. గడువు లేని చోట ప్లేయర్లు ఎంతసేపైనా కూర్చుని ప్లాన్లు వేస్తూనే ఉంటారు.

పైకి చదివి వినిపించే వర్ణన రెండు మూడు వాక్యాలు దాటనివ్వకు. కంటికి కనిపించేది, చెవికి వినిపించేది, వాసన ఉంటే వాసన. మనసులో ఏమనిపించిందో ప్లేయర్లకి నువ్వు చెప్పకూడదు. "మీ గుండెల్లో భయం పుట్టింది" అని చదవగానే ఎవరో ఒకరు "నాకేం భయం లేదు" అంటారు, అక్కడితో గేమ్ మాస్టర్ పని అయిపోయినట్టే. పేర్లు నోటికి సులువుగా తిరిగేలా చూడు, ఒకే అక్షరంతో రెండు ముఖ్యమైన పేర్లు పెట్టకు. చివర్లో వాడని పేర్లు ఒక డజను అదనంగా ఇవ్వు. దారిన పోయే జాలరిని కూడా ప్లేయర్లు పేరు అడుగుతారు.

మ్యాప్ గురించి ఒక మాట. జెన్నెల్ జేక్వేస్ రాయగా 1979లో వచ్చిన కావెర్న్స్ ఆఫ్ థ్రేసియా అనే మాడ్యూల్ మ్యాపులు సంపాదించి, వేలితో దారులు అనుసరిస్తూ చూడు. లోపలికి దారులు ఒకటికి మించి ఉంటాయి, వెళ్ళిన దారి చుట్టూ తిరిగి ఇంకోచోట కలుస్తుంది, కింది అంతస్తుకి దిగడానికి రకరకాల మార్గాలు. గది తర్వాత గది వరసగా ఉంటే ప్లేయర్లకి ఎంచుకోవడానికేమీ మిగలదు. నీ కాటా ఇంటికి ఒక్కటే తలుపుంది. పడవలోంచి నేరుగా సరుకు లాగే కిటికీ ఒకటి పెట్టు, అటకమీంచి పక్క గిడ్డంగికి దారి పెట్టు. దొంగతనం ఎలా జరిగిందో కూడా అప్పుడు నమ్మేలా ఉంటుంది.

మన ప్రాంతపు వాసన రావాలని, అందుకే గోపురాలు, ముగ్గులు పెట్టానని రాశావు. నీ కోరిక నాకు చాలా నచ్చింది. అయితే పైపై అలంకారం దగ్గర ఆగిపోకు, మన దగ్గర పనులు జరిగే పద్ధతి తీసుకో. చెరువు కింద ఊళ్ళో నీరటికాడు ఉండేవాడు కదా. తూము ఎప్పుడు తెరవాలో, ఎవరి మడికి ముందు నీళ్ళు వదలాలో చూసే మనిషి. కూలి నాణేల్లో కాకుండా పంట నూర్చాక మేరగా ధాన్యం ముట్టేది. ఇప్పుడు దాన్ని నీ ఫాంటసీ లోకంలో పెట్టు. కరువు సంవత్సరం, చెరువులో నీళ్ళు సగం పొలాలకే సరిపోతాయి, తూము అడుగున ఏదో నిద్రపోతోంది, నీళ్ళు ఒక మట్టానికి దిగితే లేస్తుంది, ఆ సంగతి నీరటికాడికి తప్ప ఎవరికీ తెలియదు. నీళ్ళెందుకు వదలడం లేదని ఊరంతా అతని మీద పగబట్టింది. బ్రెజిల్‌లో ఆడుకునే గేమ్ మాస్టర్‌కి కూడా ఇది వెంటనే అర్థమవుతుంది, మన ఊరి మనిషి చదివితే చెరువు కట్ట కళ్ళకి కడుతుంది. గోపురం బొమ్మ ఇంత పని చెయ్యలేదు.

రూల్స్ సంగతి త్వరగా చెప్పేస్తాను. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ మూల నియమాల పత్రాన్ని, ఎస్ఆర్‌డీ 5.1ని, 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద, అంటే ఎవరైనా వాడుకునే అనుమతితో, విడుదల చేశారు. అందులో చెప్పిన ఆపాదింపు వాక్యాన్ని (ఎవరి రచన వాడుకున్నావో చెప్పే వాక్యం) ఉన్నదున్నట్టు నీ పుస్తకంలో వేస్తే ఆ పత్రంలో ఉన్నదాన్ని వాడుకుని అమ్ముకోవచ్చు. అందులో లేని పేర్లు, ఆ ఆట ప్రచురణకర్తల నగరాలు, వాళ్ళ దేవుళ్ళ జోలికి వెళ్ళకు. నా సలహా అడిగితే మొదటి పుస్తకంలో పాత్రల బలాబలాలు చెప్పే అంకెలు అసలు వెయ్యకు. "ముసలివాడు, పోట్లాడలేడు", "ఇద్దరు కాపలాదారులు, బాగా శిక్షణ ఉన్నవాళ్ళు" అంటే చాలు, ఎవరి ఆటకి తగ్గ అంకెలు వాళ్ళు వేసుకుంటారు.

ఇక పరీక్ష. నీ చోటుని నువ్వే ఆడించి బాగుందనుకోవద్దు. నీ తలలో ఉన్నదంతా కాగితం మీద ఉందనే అనుకుంటావు. నీకు పెద్దగా పరిచయం లేని గేమ్ మాస్టర్‌కి పేజీ ఇచ్చి, ఆడిస్తుంటే పక్కన కూర్చో. ఎంత ఇబ్బంది పడినా సాయం చెయ్యకు. ఏ పేజీకి మళ్ళీ మళ్ళీ వెనక్కి వెళ్తున్నాడో, ఎక్కడ నీళ్ళు నములుతున్నాడో రాసుకో. అతను నీ వర్ణన వదిలేసి సొంతంగా ఏదో కల్పిస్తే బాధపడకు. ఆ కల్పన నీ పేజీలోంచే పుట్టిందా, లేక నీ పేజీ పనికిరాక పుట్టిందా అన్నది జాగ్రత్తగా గమనించు.

కొట్టేసిన చరిత్రని పారెయ్యకు, వేరే ఫైల్లో దాచుకో. ఆ రాజులు, ఆ యుద్ధాలు నీ తలలో ఉన్నందువల్లే కాటా ఇల్లు అనే ఊహ వచ్చింది.

వచ్చే నెల మొదటి వారానికి కాటా ఇల్లు, సత్రం, దీపస్తంభం, ఈ మూడూ ఒక్కో పేజీకి కుదించి పంపు. ప్రతి పేజీలోనూ మిగతా రెండు చోట్లకి వెళ్ళడానికి ఒక్కో కారణం ఉండాలి. మ్యాపులు పెన్సిల్‌తో గీసి ఫోటో తీసినా చాలు, గీతలు వంకరపోయినా నాకు అర్థమవుతుంది.

ప్రేమతో,
అక్క