వైజాగ్ నుంచి తిరుపతికి విమానంలో: కాగితం మీద గంటన్నర, ఇంటి నుంచి కొండకు ఎంత?

వైజాగ్ ఎయిర్‌పోర్టు నుంచి రేణిగుంట ఎయిర్‌పోర్టు ఎంత దూరం, అమ్మానాన్నల్ని తీసుకెళ్తే ఎంతసేపు పడుతుంది అని అడిగారు. మా అమ్మానాన్నలతో ఇదే రూటులో వెళ్లొచ్చాను కాబట్టి చెబుతున్నా.

గాల్లో నేరుగా చూస్తే సుమారు 600 కిలోమీటర్లు. విజయవాడ, నెల్లూరు మీదుగా రోడ్డున అయితే 750 దాకా వస్తుంది. డైరెక్ట్ ఫ్లైట్ దొరికితే గంటన్నరలో దిగిపోతారు. అయితే అది అన్ని రోజుల్లోనూ ఉంటుందని నమ్ముకోలేం. లేకపోతే హైదరాబాద్ మీదుగా గాల్లోనే 930 కిలోమీటర్లు, బెంగళూరు మీదుగా ఇంకాస్త ఎక్కువ. ఆ తేడాని పట్టించుకోకండి, మధ్యలో ఎంతసేపు ఆగాలో చూసుకోండి. మేం శంషాబాద్‌లో రెండు గంటలు ఉండేలా తీసుకున్నాం. గంట మాత్రమే ఉంటే మొదటి ఫ్లైట్ కాస్త లేటైనా టెన్షనే. నాలుగైదు గంటలుంటే పెద్దవాళ్లు కూర్చుని కూర్చుని అలసిపోతారు.

రెండు ఫ్లైట్లూ ఒకే పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు) మీద బుక్ చేయండి. వైజాగ్‌లో ఇచ్చిన సామాను రేణిగుంటలో తీసుకోవచ్చు. మొదటిది లేటై రెండోది తప్పిపోతే, తర్వాతి దాంట్లో పంపే బాధ్యత ఎయిర్‌లైన్ వాళ్లదే. విడివిడిగా కొంటే ఆ భారం మీ మీదే పడుతుంది.

బుకింగ్‌లోనే వీల్‌చైర్ అడగండి. మా నాన్నకు మోకాళ్ల నొప్పులు, అయినా మొదట వద్దన్నారు. శంషాబాద్‌లో ఆ నడక చూశాక ఇంకేం మాట్లాడలేదు. కుర్చీ తోసిన అబ్బాయి సెక్యూరిటీ దగ్గర నాన్న చేతికర్రని తనే ట్రేలో పెట్టి, అవతల మళ్లీ చేతికి అందించాడు. ఆ ఒక్క సాయంతో నాన్న మొహంలో బెరుకు పోయింది.

ఇప్పుడు అసలు లెక్క. మధురవాడ వైపు నుంచి ఎయిర్‌పోర్టుకి గంట, ఫ్లైట్‌కి ముందు ఒకటిన్నర నుంచి రెండు గంటలు, రెండు ఫ్లైట్లకీ కలిపి రెండున్నర, మధ్యలో రెండు, రేణిగుంటలో సామాను వచ్చేసరికి అరగంట. అక్కణ్ణించి తిరుమలకి 40 కిలోమీటర్లు, అలిపిరి చెకింగ్‌తో గంటన్నర. అంటే తొమ్మిది నుంచి తొమ్మిదిన్నర గంటలు. ట్రైన్‌కి తిరుపతి స్టేషన్ దాకానే 13 నుంచి 15 గంటలు. మీ వాళ్లు లోయర్ బెర్త్‌లో హాయిగా నిద్రపోగలిగితే ట్రైనే మేలంటాను. విమానాలు భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టు నుంచి అయితే మీ ఇంటి నుంచి అక్కడికి ఎంతసేపో చూసుకోండి, ఊరికి అది సుమారు 45 కిలోమీటర్లు.

చెన్నై దాకా ఫ్లైట్, అక్కణ్ణించి కారు కూడా మంచి దారే. తిరుపతికి రోడ్డు మీద 140 కిలోమీటర్లు, మూడు గంటల పైన. నడుం నొప్పి ఉన్నవాళ్లకి మాత్రం ఇది వద్దు.

ముందు దర్శనం టికెట్ తేదీ ఖాయం చేసుకుని, తర్వాతే ఫ్లైట్ టికెట్లు కొనండి. దిగిన రోజే దర్శనం పెట్టుకోకండి. మేం సాయంత్రానికే కొండెక్కి గది తీసుకున్నాం, మర్నాడు పొద్దున్నే స్లాట్. అమ్మానాన్న రాత్రి బాగా నిద్రపోయారు కాబట్టి క్యూలో నిలబడగలిగారు.