టాబ్లెట్ వేసినా గోమార్లు పోవట్లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: మా ఇంట్లో మూడేళ్ల ల్యాబ్రడార్ కుక్క ఉంది. గోమార్లకు నెలకో టాబ్లెట్ వేయమంటే వేశాం. వారం తిరక్కుండానే చెవుల్లో మళ్లీ కనబడుతున్నాయి, ఇప్పుడు గోడల మీద కూడా పాకుతున్నాయి. పత్తికి కొట్టే మందు కాస్త నీళ్లలో కలిపి పూస్తే ఒక్క దెబ్బకు పోతాయని మా బావగారు అంటున్నారు. పూయొచ్చా?
– ఒక పాఠకురాలు, కొరిటెపాడు, గుంటూరు

జవాబు: పూయొద్దమ్మా. మీ బావగారు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, కానీ ఆ మందు కుక్క ప్రాణం తీస్తుంది. పత్తికి, మిర్చికి కొట్టే పురుగుమందులు గుంటూరులో చేతికి అందేంత దగ్గర్లో దొరుకుతాయి కాబట్టి ఈ సలహా ఇచ్చేవాళ్లూ ఎక్కువే. అవి చర్మంలోంచి ఒంట్లోకి దిగుతాయి, పైగా కుక్క ఒళ్లు నాక్కుంటుంది. చొంగ కారడం, కండరాలు అదరడం, ఫిట్స్, ఊపిరి ఆడకపోవడం కొద్ది గంటల్లోనే మొదలవుతాయి. గేదెల గోమార్ల మందు కూడా అంచనాగా కలిపి పూయొద్దు. ఎవరైనా ఇప్పటికే పూసేసి ఉంటే, చేతులకు గ్లవ్స్ వేసుకుని సబ్బు నీళ్లతో బాగా కడిగి, ఆ మందు డబ్బాతో సహా పశువుల డాక్టరు దగ్గరికి వెంటనే తీసుకెళ్లండి. లేబుల్ చూస్తే విరుగుడు ఏం వేయాలో తేల్చుకోవడం తేలికవుతుంది.

ఇక మీ టాబ్లెట్ పనిచేయట్లేదని అనుకోకండి. ఈ టాబ్లెట్లు గోమారిని ఒంటి మీదికి ఎక్కకుండా ఆపవు, ఎక్కి కరిచాక రక్తంలో ఉన్న మందు తగిలి దాదాపు ఒక రోజులో చస్తుంది. మరి కొత్తవి ఎక్కడి నుంచి వస్తున్నాయంటే, మీరే రాశారుగా, గోడల్లోంచి. మన ఇళ్లలో ఉండే ఈ గోధుమ రంగు గోమారి పిల్లగా ఒకసారి, కాస్త ఎదిగాక ఒకసారి, పెద్దయ్యాక ఇంకోసారి కుక్క మీదికి ఎక్కి రక్తం తాగుతుంది, తాగిన ప్రతిసారీ దిగిపోతుంది, మిగతా బతుకంతా పగుళ్లలోనే. చెవి మడతలో ఆముదపు గింజంత ఉబ్బి బూడిద రంగులో కనబడేది ఆడది, దాని పక్కనే చదునుగా, ముదురు గోధుమ రంగులో ఉండే చిన్నది మగది. ఆ ఉబ్బిన ఆడది కిందికి రాలి, మళ్లీ గోడ పట్టుకుని పైకి పాకి, ఏదో సందులో దూరి, వేలల్లో గుడ్లు పెట్టి చస్తుంది. మీకు గోడ మీద కనబడుతున్నది అదే.

అందుకని కుక్కకూ ఇంటికీ ఒకేసారి వైద్యం జరగాలి. రాత్రి టార్చి పట్టుకుని కిటికీ ఫ్రేములు, తలుపు వెనక, స్విచ్‌బోర్డు అంచులు, క్యాలెండర్ వెనక, మంచం కోళ్ల సందులు చూడండి. పగుళ్లు పుట్టీతో పూడ్పించండి, కుక్క పడుకునే బట్టలు మరిగే నీళ్లలో ఉతకండి, వాక్యూమ్ క్లీనర్ ఉంటే మూలమూలా తిప్పి ఆ చెత్తను వెంటనే కవర్లో మూటకట్టి బయట పారేయండి. పెస్ట్ కంట్రోల్ వాళ్లను పిలిస్తే ఇంట్లో కుక్క ఉందని ముందే చెప్పండి, మందు పూర్తిగా ఆరేదాకా దాన్ని వేరేచోట ఉంచండి. ఒక్కసారి కొట్టించి ఊరుకుంటే లాభం లేదు, గుడ్లు మందుకు తొందరగా చావవు, రెండు మూడు వారాలకు మళ్లీ కొట్టించాల్సిందే. ఇంట్లో పిల్లి కూడా ఉంటే పర్మెత్రిన్ ఉన్న మందు వద్దే వద్దు, పిల్లులకు అది విషం.

ఈ గోమార్లు తిండి లేకుండా నెలల తరబడి బతుకుతాయి, మన వేడికి ఏడాది పొడవునా పెరుగుతాయి. కాబట్టి టాబ్లెట్ ఒక నెల వేసి ఒక నెల మానేస్తే మళ్లీ మొదటికొస్తారు. తేదీ తప్పకుండా వేస్తూ ఉండండి, ఇప్పుడున్న బరువును బట్టి డోసు చూసుకోండి, గతంలో ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే మాత్రం డాక్టరుకు చెప్పకుండా వేయొద్దు.

ప్రశ్న: మా కుక్కకు పెద్దగా గోమార్లు లేవు, నాలుగైదు ఉంటే తీసేశాం. రెండు రోజులుగా అన్నం ముట్టట్లేదు, ఒళ్లు కాలిపోతోంది, పొద్దున ముక్కులోంచి రక్తం వచ్చింది. ఎండదెబ్బ అయి ఉంటుందా?
– ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: ఈయనకు ఫోన్ చేసి అదేరోజు ఆసుపత్రికి వెళ్లమని చెప్పాం. మిగతావాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను. నాలుగైదే కదా అని తేలిగ్గా తీసుకోకండి, రోగం మోసే గోమారి ఒక్కటి కరిచినా చాలు. గోమారి జ్వరాల్లో ఎర్లిఖియా అనే దానికి ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ముక్కు నుంచి రక్తం కారడానికి అదొక ముఖ్య కారణం. బబీసియా అయితే ఎర్ర రక్తకణాలు పగిలిపోయి చిగుళ్లు పాలిపోతాయి, మూత్రం టీ రంగులోకి మారుతుంది. రెండూ కలిసి కూడా రావచ్చు, వైద్యం మాత్రం వేర్వేరు, అందుకే రక్తపరీక్ష చేయించకుండా మందులు మొదలుపెట్టొద్దు. దగ్గర్లో ఎవరూ దొరక్కపోతే గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. మనం వేసుకునే జ్వరం మాత్రలు, నొప్పి మాత్రలు మాత్రం వేయొద్దు, ముందే రక్తం కారుతున్న కుక్కకు నొప్పి మాత్ర వేస్తే పరిస్థితి చేయిదాటుతుంది. ఎర్లిఖియా అని తేలితే సాధారణంగా డాక్సీసైక్లిన్ 28 రోజులు వాడమంటారు. మూడో రోజుకే కుక్క లేచి తోక ఊపుతుంది, టెన్షన్ తీరిందని చాలామంది అక్కడే ఆపేస్తారు. ఆపకండి, కోర్సు పూర్తిగా వాడండి.

ప్రశ్న: గోమారిని లాగితే తల లోపలే ఉండిపోతుందంటారు. కిరోసిన్ చుక్క వేస్తే అదే ఊడొస్తుందట, నిజమేనా?
– ఒక పాఠకురాలు, గుణదల

జవాబు: కిరోసిన్, అగరుబత్తి వాత, రెండూ వద్దు. కుక్క చర్మం కాలుతుంది, పైగా గోమారి తన ఉమ్మిని లోపలికి వదులుతుంది, రోగాలు ఎక్కేదే ఆ దారిన. సన్నటి ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా, మెల్లగా తిన్నగా లాగండి. నోటి ముక్క కొంచెం మిగిలినా కంగారు పడొద్దు, కొన్నాళ్లకు దానంతటదే బయటికొస్తుంది. వేళ్లతో నలపకుండా స్పిరిట్ ఉన్న సీసాలో వేసి మూత పెట్టేయండి. వెతికేటప్పుడు కాలివేళ్ల మధ్య, బెల్టు కింద, తోక మొదట్లో తప్పకుండా చూడండి.