అంతోనివారిని గోడకెక్కించే ముందు

చిరంజీవి సుధకు పెద్దమ్మ ఆశీస్సులు.

లిస్బన్‌లో ఒక చిన్న గుడి బయటి గోడకి పునీత అంతోనివారి టైల్స్ బొమ్మ ఒప్పుకున్నావని మీ అమ్మ చెప్పింది. ఆయన పుట్టిన ఊళ్లో, ఆయన బొమ్మ, మన పిల్ల చేత్తో! నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సంతోషం సగం, టెన్షన్ సగం.

బొమ్మ వేయడం గురించి నీకు చెప్పేదేముంది? తగరం కలిసిన తెల్ల గ్లేజ్, అంటే టైల్ మీద పూసే గాజు పూత, కాల్చకముందు రంగుని తాకగానే పీల్చేస్తుంది, చెరపడానికి ఉండదు. అందుకని ముఖం పొద్దున్నే వెయ్యి. ప్రతి టైల్ వెనకా వరుస, నంబరు రాయి. గ్లేజ్ పొడి దగ్గర మాస్క్ తియ్యకు.

నా భయమంతా గోడ గురించే. నేను పోర్చుగల్‌లోనే పోర్తో నగరంలో పనిచేసే రోజుల్లో మా వర్క్‌షాప్ ఒక గుడికి అంతోనివారు చేపలకు బోధించే బొమ్మ చేసింది. మా పెద్ద చిత్రకారుడు ఒక్కో చేపకీ ఒక్కో చూపు పెట్టాడు. సున్నం ఆరడానికి చాలా రోజులు పడుతుందని కాంట్రాక్టరు సిమెంటుతో అతికించేశాడు. మమ్మల్ని ఎవరూ అడగలేదు. కొన్ని చలికాలాలు గడిచాయి. నేలలోంచి ఎక్కిన తేమకి సిమెంటులోంచి దారి దొరకలేదు. ఆ తేమతో వచ్చిన ఉప్పు గ్లేజ్ వెనక పేరుకుని, బొమ్మని పెచ్చులు పెచ్చులుగా ఊడగొట్టింది. ముందు కింది వరుసలో చేపలు పోయాయి, తర్వాత అంతోనివారి పాదాలు. మిగిలినవైనా విప్పి దాచుకుందామంటే సిమెంటు వదల్లేదు, ఉలి పెడితే టైలే పగిలింది. సున్నంతో పెట్టి ఉంటే చాలావరకు పగలకుండా వచ్చేవి. ఆ పెద్దాయన ముక్కలు ఏరుతుంటే పక్కన నిలబడటం నావల్ల కాలేదు.

నువ్వేమో గోడ చూడకుండానే అడ్వాన్సు తీసుకున్నావట! ఎవరు నేర్పారే ఈ తొందర? ముందు వెళ్లి గోడ అడుగుభాగం తడిమి చూడు. తెల్లటి ఉప్పు పొర ఉందా? పైన నీటి గొట్టం కారుతోందా? సున్నం, ఇసుకతోనే పెట్టాలని కాగితం మీద రాయించుకో. కాదంటే అడ్వాన్సు తిరిగిచ్చెయ్. ఇంటద్దె గురించి భయపడకు, నేనున్నాను.

వీలైతే పోర్చుగల్ దక్షిణాన ఉన్న ఆల్మన్సిల్ ఊరికి వెళ్లు. అక్కడ పునీత లారెన్సువారి గుడిలో గోడలూ పైకప్పూ అంతా నీలి టైల్సే. 1730లో పొలికార్పో ద ఒలివేరా బెర్నార్దెస్ వేశాడు. 1755 భూకంపం తర్వాత కూడా దాదాపు అన్నీ నిలిచాయి. మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూడు, నేనూ అలాగే చూశాను.

ఇంకొకటి. పాత టైల్స్‌తో అంచు కడదామని సంతలో కొనకు. గుళ్లలోంచి, ఇళ్లలోంచి దొంగిలించినవి అక్కడ అమ్ముతుంటారు.

గోడ ఫొటోలు ఈ ఆదివారంలోగా పంపు. కింది రెండడుగులూ దగ్గర్నుంచి తియ్యి, బొమ్మ స్కెచ్ తర్వాత చూస్తాను.

మీ పెద్దమ్మ