ఒకే పొట్టేలు నాలుగేళ్లుగా మందలో ఉంటే పిల్లలు బలహీనంగా పుడతాయా?

ప్రశ్న: 30 నెల్లూరు జోడిపి గొర్రెలకు నాలుగేళ్లుగా ఒకటే పొట్టేలు. ఈమధ్య పిల్లలు చిన్నగా పుట్టి, పది రోజుల్లోపే చనిపోతున్నాయి. మేత లోపమా, రక్తసంబంధమా? మేనరికం కూడా ఇలాంటిదేనా?

జవాబు: నాలుగేళ్లు చాలా ఎక్కువ. పొట్టేలు మందలో దిగిన ఐదు నెలలకు మొదటి ఈత పడుతుంది. ఆ ఆడపిల్లలు తొమ్మిది నుంచి పన్నెండు నెలల వయసులో ఎదకు వస్తాయి. అంటే ఏడాదిన్నర తిరిగేలోపే తండ్రి కూతుళ్లను దాటుతుంది, అంటే వాటితో జతకడుతుంది. మీ మందలో ఇప్పుడు మనవరాళ్లను కూడా దాటుతుండాలి.

అయినా ముందు మేత సంగతి తేల్చుకోండి. బయట కొన్న గొర్రెల పిల్లలు బాగుండి, ఈ పొట్టేలు కూతుళ్ల పిల్లలే నీరసిస్తుంటే రక్తసంబంధాన్ని అనుమానించాలి. అన్నిటి పిల్లలూ చిన్నగా ఉంటే మేతో, నట్టలో (కడుపులోని పురుగులో) కారణం. ఇక్కడ చాలామంది పొరబడతారు: తొలిచూలు పిల్ల ఎలాగూ చిన్నదే, కాబట్టి తొలిచూలును తొలిచూలుతోనే పోల్చాలి. ఈసుకుపోవడం (నెలలు నిండకుండానే చూడి పోవడం) కూడా ఉంటే, దానికి కారణమయ్యే బ్రుసెల్లా అనే సూక్ష్మజీవి పరీక్ష చేయించకుండా ఏ నిర్ణయానికీ రావద్దు.

ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశాన్ని కొలిచే గుణకాన్ని అమెరికా జన్యుశాస్త్రవేత్త సీవాల్ రైట్ 1922లో ఇచ్చాడు. తండ్రీకూతుళ్ల సంతానానికి అది 25 శాతం, తాతా మనవరాళ్లకు 12.5. మనుషుల్లో అక్క కూతురిని చేసుకుంటే 12.5, మేనత్త, మేనమామ పిల్లల మధ్య అయితే 6.25. సాధారణంగా నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లల్లో కనిపించే పుట్టుక లోపాలు ఈ రెండో రకం మేనరికంలో దాదాపు రెట్టింపవుతాయి. తరతరాలుగా అదే వరసలో సంబంధాలు కలిస్తే ముప్పు ఇంకా పెరుగుతుంది. తలసీమియా లాంటి వంశపారంపర్య రక్త జబ్బుల జన్యువు ఉందో లేదో పెళ్లికి ముందే రక్తపరీక్షలో తెలుస్తుంది. ఆ పరీక్ష తప్పక చేయించాలి.

18వ శతాబ్దంలో ఇంగ్లండులో రాబర్ట్ బేక్‌వెల్ అనే పశుపోషకుడు దగ్గరి రక్తాన్ని కలిపే లీసెస్టర్ గొర్రెలను మెరుగుపరిచాడు కదా అంటారు. ఆయన పొట్టేళ్లను ఇతరులకు అద్దెకిచ్చి, వేర్వేరు మందల్లో వాటి సంతానాన్ని చూసి, మేలైనదాన్నే వెనక్కి తెచ్చుకునేవాడు. నాసిరకాన్ని నిర్దాక్షిణ్యంగా తీసేసేవాడు. 30 గొర్రెలతో అది సాధ్యం కాదు. ఒక పొట్టేలు, 30 గొర్రెలు ఉన్న మంద జన్యు లెక్కలో నాలుగు జీవాలతో సమానం. తరానికి దాదాపు 13 శాతం రక్తసంబంధం పేరుకుంటుంది. రెండు పొట్టేళ్లుంటే సగమవుతుంది.

పొట్టేలును వెంటనే మార్చండి. దాని కొడుకునో, పక్క మందలో ఉన్న దాని తమ్ముడినో తెస్తే మార్చినట్టు కాదు. అదే జాతిలో, వేరే ఊరి మంద నుంచి, ఏడాదిన్నర దాటినదాన్ని, రెండు వృషణాలూ సమంగా దిగినదాన్ని ఎంచుకోండి. నెల రోజులు విడిగా కట్టి, నట్టల మందు పట్టి, బ్రుసెల్లా పరీక్షయ్యాకే మందలో వదలండి. దాని రొమ్ముకు జాజు పూస్తే ఏ గొర్రెను దాటిందో నడుము మీద మరక చెబుతుంది. 17 రోజులకు రంగు మార్చండి. కొత్త రంగు కూడా పడితే ఆ గొర్రె మొదటిసారి చూడి నిలవలేదన్నమాట. ఇకనుంచి ఆడపిల్లలను ఆరో నెలలోనే విడదీయగలిగితే పొట్టేలును రెండేళ్లు ఉంచవచ్చు, లేకుంటే ఏడాదికే మార్చాలి.

ఉన్న కూతుళ్లను అమ్ముకోవద్దు. సంబంధం లేని పొట్టేలు దాటితే వాటి పిల్లల్లో ఈ గుణకం ఒక్క తరంలోనే సున్నాకు వస్తుంది. తండ్రీకూతుళ్లకు పుట్టిన మగపిల్లలను మాత్రం విత్తనానికి ఉంచకుండా మాంసానికి అమ్మేయండి.