మీ సంగీతం స్కోరు అవతలివాళ్ల దగ్గర సరిగ్గా తెరుచుకోవాలంటే

ప్రశ్న: సంగీతాన్ని నొటేషన్‌లో రాయడానికి నేను మ్యూజ్‌స్కోర్ సాఫ్ట్‌వేర్ వాడతాను. నా మిత్రుడిది సిబేలియస్. మాకు అరేంజ్‌మెంట్లు రాసిచ్చే ఆయన దగ్గర ఫినాలే అనే మరో సాఫ్ట్‌వేర్‌లో చేసిన పాత ఫైళ్లు బోలెడున్నాయి. ఒకరి ఫైలు మరొకరి దగ్గర తెరుచుకోదు. మిడిగా పంపుకుంటే నొటేషన్ గందరగోళంగా వస్తోంది. దారేమిటి?

జవాబు: ముందు మిడిని పక్కన పెట్టండి. కీబోర్డులో ఏ మీట ఎప్పుడు నొక్కాలి, ఎంత గట్టిగా నొక్కాలి, ఎప్పుడు వదలాలి... ప్రధానంగా అందులో ఉండేది ఇదే. కీబోర్డు మధ్యలో ఉండే సి స్వరం (మిడిల్ సి) పక్కనున్న నల్ల మీట నంబరు 61. సి షార్ప్, డి ఫ్లాట్ రెండూ ఆ మీటకున్న పేర్లే. మీరు ఏది రాసినా వెళ్లేది 61 మాత్రమే. ఏది రాయాలో అవతలి సాఫ్ట్‌వేర్ ఊహించుకుంటుంది. స్లర్లు (స్వరాలను కలిపి వాయించమనే వంపు గీతలు), స్టకాటో చుక్కలు (తుంచి వాయించమనే గుర్తులు) అసలు వెళ్లవు.

మీకు కావాల్సింది మ్యూజిక్‌ఎక్స్ఎంఎల్. 2004లో తొలి వెర్షన్ వచ్చిన ఈ ఫార్మాట్‌ను 2015 నుంచి వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీకి చెందిన కమ్యూనిటీ గ్రూపు చూసుకుంటోంది. ఇందులో స్వరం పేరు, దాని షార్ప్ లేదా ఫ్లాట్ వేర్వేరుగా నమోదవుతాయి కాబట్టి సి షార్ప్ సి షార్ప్‌గానే చేరుతుంది. మీరు చెప్పిన మూడు సాఫ్ట్‌వేర్లలోనూ ఎక్స్‌పోర్ట్, ఇంపోర్ట్ రెండూ ఉన్నాయి.

అయితే అన్నీ యథాతథంగా వస్తాయనుకోవద్దు. పేజీ అమరిక, చేత్తో జరిపి సర్దిన గుర్తులు, ప్లేబ్యాక్ సెట్టింగులు చెదిరిపోవచ్చు. అందుకే ప్రతిసారీ పీడీఎఫ్ కూడా జతచేసి, రెండూ పక్కపక్కన పెట్టి సరిచూసుకోండి. రిపీట్లలో మొదటి, రెండో ముగింపులు, గ్రేస్ నోట్లు (అలంకారంగా వేసే చిన్న స్వరాలు), డ్రమ్స్ వరుస, క్లారినెట్ లాంటి ట్రాన్స్‌పోజింగ్ వాద్యాల (రాసిన స్వరం ఒకటి, పలికేది మరొకటి అయ్యేవాటి) భాగాలు ముందు చూడండి. సాహిత్యం యూనికోడ్‌లో కాకుండా పాత ఫాంట్లలో టైప్ చేసి ఉంటే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. దాన్ని మళ్లీ టైప్ చేయాల్సిందే.

ఫైలు అటూ ఇటూ మారిన కొద్దీ ఏదో ఒకటి జారిపోతుంది. కాబట్టి అసలు ఫైలు ఒక్కరి దగ్గరే ఉండాలి. మిగతావాళ్లు పీడీఎఫ్ మీద బార్ నంబరు వేసి మార్పులు చెబితే చాలు. అందరూ ఒకేసారి రాయాలంటే బ్రౌజర్‌లో పనిచేసే ఫ్లాట్ (Flat.io) అనే నొటేషన్ సాఫ్ట్‌వేర్ లాంటిది మేలు.

ఫినాలే ఫైళ్ల పని మాత్రం వాయిదా వేయకండి. 1988లో వచ్చిన ఆ సాఫ్ట్‌వేర్ అభివృద్ధిని ఆపేస్తున్నట్టు దాని తయారీ సంస్థ మేక్‌మ్యూజిక్ 2024 ఆగస్టులో ప్రకటించింది. కొత్త కంప్యూటర్‌కి మారాక అది పనిచేయకపోతే ఏళ్ల శ్రమ లోపలే చిక్కుకుపోతుంది. ఫోల్డర్ మొత్తాన్ని ఒకేసారి మ్యూజిక్‌ఎక్స్ఎంఎల్‌గా మార్చే సదుపాయం ఇటీవలి ఫినాలేల్లో ఉంది. అది నడుస్తున్నప్పుడే మార్చేసి, పీడీఎఫ్‌లు కూడా తీసి పెట్టుకోమనండి.

ప్రశ్న: మ్యూజ్‌స్కోర్ 4లో సేవ్ చేసిన ఫైలు మ్యూజ్‌స్కోర్ 3 ఉన్న స్నేహితురాలి దగ్గర తెరుచుకోవడం లేదు.

జవాబు: తెరుచుకోదు. ఆమెను 4కు మారమనండి, అది ఉచితమే. కుదరకపోతే మ్యూజిక్‌ఎక్స్ఎంఎల్ పంపండి. ఆమె పంపిన పాత ఫైలును మీరు 4లో తెరిచి సేవ్ చేసే ముందు ఒక కాపీ దాచుకోండి.